‘నన్ను మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళకండి’ అని నాన్న అంటే

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. నాన్నగారికి 76 ఏళ్ళు. గుండె బలహీనపడింది, దానికి తోడు పాత ఊపిరితిత్తుల జబ్బు. ఏడాదిలో మూడుసార్లు ఆస్పత్రిలో చేరారు. చివరిసారి నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇంటికొచ్చాక "ఇంకోసారి అక్కడికి తీసుకెళ్ళకండి, పోతే నా మంచం మీదే పోతాను" అన్నారు. మీ అన్నయ్య ఒప్పుకోవడం లేదు. అమ్మగారి దగ్గర ఆ మాటే ఎత్తలేకపోతున్నారు. ఇంట్లో నిజంగా సాధ్యమేనా, ఏం రాసి పెట్టుకోవాలి, తొమ్మిదేళ్ళ బాబును ఆ సమయంలో ఇంకెక్కడికైనా పంపాలా అని అడిగారు.

నేను పాలియేటివ్ కేర్ నర్సుని, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే సేవ నాది. పంతొమ్మిదేళ్ళుగా ఇళ్ళకు వెళ్ళి ఇలాంటి పేషెంట్లను చూస్తున్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల మోతాదుల జోలికి పోను.

ఇంట్లో సాధ్యమే. అయితే రాత్రి రెండింటికి ఆయనకు ఊపిరాడకపోతే ఎవరు లేస్తారు, ఏ మందు ఇస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికాకే "ఇంట్లో" అన్నమాటకు విలువ. ఇంట్లో పోవాలనుకుని ఐసీయూలో పోయినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళెవరూ చివర్లో మనసు మార్చుకోలేదు. ఆ ఒక్క రాత్రికి ఇంట్లో ఏర్పాటు లేదు, అంతే.

ముందు మీ అన్నయ్య సంగతి. ఆయన "పోయినసారి కూడా కష్టమన్నారు, లేచి రాలేదా?" అంటున్నారని రాశారు. ఆ మాటలో తప్పేం లేదు. క్యాన్సర్ చివరి దశలో మనిషి కొన్ని వారాల్లో కళ్ళముందే దిగజారిపోతాడు, ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బుల నడక వేరు. మెట్లు దిగినట్టు ఉంటుంది. ఒక్కసారిగా పడిపోతారు, చికిత్సతో లేస్తారు, కానీ ముందున్న మెట్టు దాకా మాత్రం రారు. ఏ పడటం ఆఖరిదో డాక్టరు కూడా ముందే చెప్పలేడు. అందుకే ఈ జబ్బుల్లో "టైమ్ వచ్చినప్పుడు చూద్దాం" అనుకుంటే ఆ టైమ్ వచ్చిందని తెలిసేలోపే మాట పడిపోతుంది. మీ అన్నయ్యను ఒక్కటే అడగండి: రెండేళ్ళ కిందట నాన్న ఎంత దూరం నడిచేవారు, ఇప్పుడు ఎంత? వాదన పెట్టుకోవద్దు. ఆ లెక్క ఆయన్నే వేసుకోనివ్వండి.

"నాన్నకు ఏం కావాలో నాకు తెలుసు" అని మీ ఇద్దరూ అనుకుంటూ ఉంటారు. 2006లో ఇలాంటి 16 అధ్యయనాలను కలిపి చూస్తే, పేషెంటు తరఫున నిర్ణయం చెప్పేవాళ్ళు ఆ పేషెంటు కోరుకునేదాన్ని సరిగ్గా ఊహించింది 68 శాతం సందర్భాల్లోనే. అంటే దగ్గరివాళ్ళు కూడా మూడింట ఒకసారి తప్పుతారు. కాబట్టి మీలో ఎవరి మాట నెగ్గాలన్న గొడవ పక్కన పెట్టి, మాట్లాడగలిగిన మనిషి ఇంట్లోనే ఉన్నారు కదా, ఆయన్నే అడగండి. అన్నయ్య కూడా ఆ గదిలో ఉండాలి. మీరు విని వెళ్ళి ఆయనకు చెబితే అది మీ మాటే అవుతుంది.

"ఎక్కడ పోవాలనుంది నాన్నా?" అని మొదలుపెట్టకండి. ఆయన చూసివచ్చిన అనుభవం దగ్గర మొదలుపెట్టండి: "పోయినసారి ఆస్పత్రిలో మీకు అన్నిటికంటే కష్టమనిపించింది ఏంటి?" అడిగి ఊరుకోండి. మధ్యలో "అలా మాట్లాడకండి, మీకేం కాదు" అనకుండా ఉండగలిగితే చాలు, సగం పని అయినట్టే. ఇంకోరోజు, ఏం చేసుకోగలిగినంత కాలం బతకాలనిపిస్తుందో అడగండి. ఒకరు మనవరాలితో మాట్లాడగలిగితే చాలంటారు. ఇంకొకరు బాత్రూమ్‌కు సొంతంగా వెళ్ళలేని రోజు ఇక వద్దంటారు. ఆ జవాబు తెలిస్తే రేపు డాక్టరు "వెంటిలేటర్ పెట్టమంటారా?" అని అడిగినప్పుడు మీరు గాలిలో తడుముకోనక్కర్లేదు.

ఇక్కడ ఒకాయన గురించి చెప్పాలి. రిటైరైన మాస్టారు, కడుపులో క్యాన్సర్. మొదటిరోజే "ఇంట్లోనే" అన్నారు, నేనూ రాసుకున్నాను. చివరి వారంలో రక్తపు వాంతులు మొదలయ్యాయి. ఇంట్లో భార్య ఒక్కరే, ఆవిడకీ నడుం నొప్పి. ఆవిడ భయపడిపోయారు, చిన్న ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఏదో తప్పు చేసినట్టు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. "ఇల్లు అంటే మీకు ఏంటి మాస్టారూ?" అని అప్పుడడిగాను, మూడు నెలల ముందు అడగాల్సిన మాట. "రాత్రి లైటు వెలుగుతుంటే నాకు నిద్ర పట్టదమ్మా. మొహానికి మాస్కు పెట్టకూడదు. మా అమ్మాయి పక్కనుండాలి" అన్నారు. ఆ గదిలో లైటు రాత్రంతా వెలిగే ఉండేది. వచ్చినవాళ్ళల్లా వేసేస్తున్నారని స్విచ్ మీద అడ్డంగా తెల్ల ప్లాస్టర్ అంటించాం. కూతురికి కుర్చీ వేయించాం. మూడో రోజు తెల్లవారుజామున ఆ చీకట్లో ఆయన పోయారు. ఇల్లు కాదు, కానీ ఆయన అడిగిన మూడూ జరిగాయి. అప్పట్నుంచి "ఎక్కడ" అన్న ప్రశ్న వెంటనే "అక్కడ ఏమేం ఉండాలి?" అని కూడా అడుగుతున్నాను.

మీ నాన్నగారి "ఆస్పత్రి వద్దు" అన్నమాటను కూడా విప్పి చూడాలి. కాళ్ళకు నీరొస్తే నీరు తీసే ఇంజెక్షన్ కోసం ఓ పూట వెళ్ళి రావడానికి ఒప్పుకుంటారా? జారిపడి తుంటి ఎముక విరిగితే? అప్పుడు ఇంట్లో ఉంచితే కదిపినప్పుడల్లా నరకమే. ఎక్కువకాలం బతకడానికి కాకపోయినా నొప్పి తగ్గడానికైనా వెళ్ళాల్సి ఉంటుంది. ఛాతీలో ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ వాడొచ్చా? గొంతులో గొట్టం లేకుండా మాస్కుతో ఊపిరి అందించే బైపాప్ ఒకటి రెండు రోజులు ప్రయత్నించొచ్చా? మళ్ళీ వెంటిలేటర్? ఒక్కోదానికి ఒక్కో జవాబు రావచ్చు. "అన్నీ చేయండి", "ఏమీ వద్దు" అన్న రెండు మాటల మధ్య చాలా చోటు ఉంది. డాక్టర్లకు నిజంగా పనికొచ్చేది ఆ మధ్యలోదే.

గుండె ఆగితే ఛాతీ నొక్కే సీపీఆర్ గురించి విడిగా మాట్లాడండి. దాని మీద మనకున్న నమ్మకం చాలావరకు తెర మీద చూసి వచ్చింది. అమెరికా టీవీ సీరియళ్ళను పరిశీలించి 1996లో ఒక వైద్య పత్రికలో లెక్క ప్రచురించారు. వాటిలో సీపీఆర్ చేసినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది అప్పటికి బతికేస్తారు. నిజంగా చూస్తే, ఆస్పత్రిలోనే ఉండి గుండె ఆగినవాళ్ళలో బతికి ఇంటికి వెళ్ళేది ఐదుగురిలో ఒకరు, కాస్త అటూ ఇటూ. అది అందర్నీ కలిపిన లెక్క. గుండె, ఊపిరితిత్తులు రెండూ అరిగిపోయిన మనిషికి అవకాశం అంతకంటే చాలా తక్కువ. పక్కటెముకలు విరగడం మామూలే. సీపీఆర్ వద్దనుకుంటే "నాన్నను వదిలేశాం" అని కాదు. అప్పటికి గుండె ఆగిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఛాతీ నొక్కాలా వద్దా అన్నదొక్కటే ప్రశ్న.

గుండె జబ్బు అన్నారు కాబట్టి, చాలామంది మర్చిపోయే విషయం ఒకటి. ఆయన ఛాతీలో షాక్ ఇచ్చే పరికరం (ఐసీడీ) ఉందా? ఉంటే, చివరి గంటల్లో గుండె లయ తప్పినప్పుడల్లా అది షాక్ కొడుతుంది. మెలకువలో ఉంటే గుర్రం తన్నినట్టు ఉంటుందంటారు. ఒకసారి చూశాను, ఆ పేషెంటు భార్య చెయ్యి ఆయన ఛాతీ మీద ఉంది. ఇంకోసారి చూడాలనుకోను. ఆ షాక్ పనిని మాత్రం ఆపేయొచ్చు. ఆపరేషన్ అక్కర్లేదు, గుండె క్లినిక్‌లో బయటి నుంచే ప్రోగ్రామర్ అనే యంత్రంతో ఆపుతారు. ఆపినంత మాత్రాన ప్రాణం పోదు. మామూలు పేస్‌మేకర్ అయితే దాన్ని కదపాల్సిన పనిలేదు. ఏది ఉందో ఈ వారమే కనుక్కోండి.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. మాట పడిపోతే ఏ చికిత్స కావాలో వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్ ఆలోచనను 1969లో అమెరికాలో లూయిస్ కట్నర్ అనే లాయరు ముందుకు తెచ్చారు. 1976లో కాలిఫోర్నియా దానికి మొదట చట్టం చేసింది. ఇంగ్లండ్‌లో 2005 నాటి చట్టంలో ఉంది. భారత సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించి, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. సాక్షులు, సంతకాల నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీరున్న చోట చెల్లే ఫారమ్ వాడండి. నా వరకు, అందులో అన్నిటికంటే ముఖ్యమైన గడి ఆయన తరఫున మాట్లాడే మనిషి పేరు. ప్రేమ ఎక్కువున్నవాళ్ళనే రాయాలని లేదు. ఆయన కోరింది తనకు నచ్చకపోయినా డాక్టరు ముందు నిలబడి చెప్పగలిగే మనిషి కావాలి. పేరు రాశాక ఆ మనిషికి చెప్పడం మర్చిపోకండి. నవ్వకండి, చెప్పకుండా వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను.

ఆ కాగితం బీరువాలో ఉంటే లేనట్టే. చాలాచోట్ల అంబులెన్స్ పిలిస్తే, కళ్ళముందు కాగితం కనబడకపోతే వాళ్ళు సీపీఆర్ మొదలుపెట్టాల్సిందే, అది వాళ్ళ డ్యూటీ. ఒక కాపీ మంచం పక్కన, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి చూసే డాక్టరు దగ్గర, అందరి ఫోన్లలో ఒక ఫోటో. ఆయన మనసు మారితే చించేసి కొత్తది రాసుకోవచ్చు. ఆయన మాట్లాడగలిగినంత కాలం ఆయన నోటి మాటే చెల్లుతుంది.

ఇప్పుడు ఆ రాత్రి రెండు గంటల సంగతి. మీ నాన్నగారికి రాబోయే పెద్ద కష్టం ఆయాసమే. చివరి దశలో దానికి ఎక్కువగా వాడే మందు చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్. ఆ పేరు వినగానే అందరి మొహాలూ మాడిపోతాయి, "అది ఇస్తే పోతారట కదా" అని. తక్కువతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచితే అది ఆయుష్షు తగ్గించదు. ఊపిరి కోసం పడే పెనుగులాట తగ్గుతుంది. మొదట్లో మత్తుగా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మార్ఫిన్‌తో పాటే విరేచనం మందు కూడా రాయించుకోండి. కిడ్నీలు బలహీనంగా ఉంటే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది, అది డాక్టరు చూసుకోవాలి. నొప్పికి ఇచ్చేటప్పుడైతే నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. ఈ పద్ధతిని గట్టిగా పట్టుకున్నది సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై, సోషల్ వర్కరై, చివరికి డాక్టరైన ఆవిడ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే చోటు) తెరిచారు. నర్సుని కదా, ఆవిడ పేరు చెప్పకుండా ఉండలేను.

మందు పనిచేసేలోపు మీ చేతిలో ఉండేది చిన్న ఫ్యాను. తలవైపు ఎత్తుగా కూర్చోబెట్టి, ముందుకు దిండు మీద వాలనిచ్చి, ముక్కూ పెదాల మీదికి గాలి తగిలేలా పట్టుకోండి. ఇది ఓదార్పు కోసం చెప్పే చిట్కా కాదు. మొహం మీద చల్లగాలి తగిలితే ఆయాసపు బాధ తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గినవాళ్ళకు సిలిండర్ అవసరమే. తగ్గనివాళ్ళకు గొట్టంలో ఆక్సిజన్ పెట్టినా మామూలు గాలి పెట్టినా తేడా కనబడలేదని 2010లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఇంకోటి, గదిలో మనుషుల్ని తగ్గించండి. ఆయాసానికి భయం తోడవుతుంది, భయపడే మొహాలు ఆ భయాన్ని పెంచుతాయి.

మందులు ముందే ఇంట్లో ఉండాలి. మామూలుగా ఒక చిన్న డబ్బాలో నాలుగు రకాలు పెట్టిస్తాం: నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్, కంగారుకు మిడజోలం, వాంతులకు హాలోపెరిడాల్, గొంతులో చేరే ద్రవాలకు గ్లైకోపైరోలేట్ లాంటిది. మింగలేని రోజు వస్తే వాటిని చర్మం కింద సన్నటి సూదితో ఇస్తారు, నరం వెతకనక్కర్లేదు. దీనికి పాలియేటివ్ టీమ్ కావాలి. అందుకే చివరి వారంలో కాకుండా ఇప్పుడే పరిచయం పెట్టుకోండి. పాలియేటివ్ అంటే చేతులెత్తేయడం అని మీ అన్నయ్య అంటే 2010 నాటి బోస్టన్ అధ్యయనం చెప్పండి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లు 151 మందిలో, మొదట్నుంచీ మామూలు చికిత్సతో పాటు పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్ళు సుఖంగా ఉండటమే కాదు, చివర్లో దూకుడు చికిత్సలు తక్కువగా తీసుకుని కూడా మిగతావాళ్ళ కంటే ఎక్కువకాలం బతికారు: 8.9 నెలల బదులు 11.6. మీ నాన్నగారి జబ్బు వేరు కాబట్టి ఆ నెలల లెక్క ఆయనకు వర్తించదు, భయం పోగొట్టడానికి మాత్రం పనికొస్తుంది.

చివరి రోజులు ఎలా ఉంటాయో ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరికీ ముందే తెలియాలి. ఇది నా సొంత తప్పు నుంచి చెబుతున్నాను. ఒక ఇంట్లో అన్నీ అమర్చాం. కూతురిని కూర్చోబెట్టి అరగంట వివరించాను. ఆ రాత్రి కాపలా పడుకున్నది అల్లుడు. ఆయనతో నేనొక్క మాట చెప్పలేదు. తెల్లవారుజామున గొంతులో గురగుర మొదలైంది. పెద్దాయన ఊపిరాడక మునిగిపోతున్నాడనుకుని అల్లుడు అంబులెన్స్ పిలిచాడు. పెద్దాయన దారిలోనే పోయారు. అల్లుడిది ఏ తప్పూ లేదు. ఆ చప్పుడు వినడం అదే మొదటిసారైతే నేనూ అదే చేసేదాన్ని.

కాబట్టి వినండి. నిద్ర పెరుగుతుంది, లేపినా సరిగ్గా లేవరు. తిండి, తర్వాత నీళ్ళు మానేస్తారు. తినకపోవడం వల్ల పోవడం లేదు, పోతున్నారు కాబట్టే ఒళ్ళు తిండి అడగదు. ఆ దశలో సెలైన్ ఎక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకీ కాళ్ళలోకీ చేరి ఆయాసం పెంచే ప్రమాదం ఉంది, మీ నాన్నగారి గుండెకైతే మరీను. తడి స్పాంజితో నోరు తుడవండి, పెదాలకు ఏదైనా రాయండి, అదే పెద్ద సేవ. చేతులు, పాదాలు చల్లబడతాయి, మోకాళ్ళ దగ్గర చర్మం ఊదారంగు మచ్చలుగా మారుతుంది. ఊపిరి వేగంగా ఆడి, నెమ్మదించి, కాసేపు ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. ఆ ఆగిన అరనిమిషం మీకు చాలా పొడవుగా అనిపిస్తుంది. గురగుర శబ్దం మింగలేక గొంతులో నిలిచిన ద్రవాలది. అప్పటికి ఆయనకు దాదాపు తెలివి ఉండదు, బాధంతా వినేవాళ్ళదే. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. గొంతులోకి గొట్టం వేసి లాగితే ఇంకా ఎక్కువవుతుంది. మాట్లాడుతూ ఉండండి. స్పందన లేనివాళ్ళలో కూడా కొందరి మెదడు శబ్దాన్ని గుర్తిస్తోందని 2020లో కెనడా పరిశోధకులు గమనించారు.

ఇంట్లో పోయాక సర్టిఫికెట్ ఎవరిస్తారో ముందే అడిగి ఉంచుకోండి. ఈమధ్య చూసిన డాక్టరు ఎవరూ లేకపోతే కొన్నిచోట్ల పోలీసుల దాకా వెళుతుంది. పోయిన నిమిషంలో ఎవరికీ ఫోన్ చేయాల్సిన తొందర లేదు, కాసేపు ఆయన దగ్గరే కూర్చోవచ్చు.

అమ్మగారి గురించి. నలభై యాభై ఏళ్ళు పక్కనున్న మనిషికి తెలియదనుకోకండి. మీకు టెన్షన్ అవుతుందని ఆవిడ, ఆవిడ తట్టుకోలేదని మీరు, ఇద్దరూ మౌనంగా ఉంటారు. "అమ్మా, నాన్న ఇలా అన్నారు, నీతో ఎప్పుడైనా అన్నారా?" అని అడిగి చూడండి. అయితే ఆవిడ ఒక్కరి మీదే భారం వేయకండి. మంచాన పడ్డ మనిషిని రెండు మూడు గంటలకోసారి ఒత్తిగిలించడం, పక్క మార్చడం ఒక్కరివల్ల కాదు. రాత్రి వంతులు రాసుకోండి, అందులో అన్నయ్య పేరూ రాయండి. వద్దన్నవాళ్ళు చాలామంది రెండు రాత్రులు కూర్చున్నాక మారడం చూశాను. ఒకవేళ మీ ఇంట్లో చేతులు చాలకపోతే, హాస్పిస్ గానీ, తలుపు వేసుకునే వీలున్న చిన్న ఆస్పత్రి గది గానీ రెండో ఏర్పాటుగా ఇప్పుడే చూసి ఉంచుకోండి. నాన్నగారికి కూడా చెప్పండి: "ఇంట్లోనే ఉంచడానికి చేయగలిగినంతా చేస్తాం. మీ బాధ మావల్ల తగ్గకపోతే మాత్రం ఫలానా చోటికి తీసుకెళ్తాం, మేమూ అక్కడే ఉంటాం." "ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకెళ్ళం" అని మాటివ్వకండి. ఆ మాట తప్పాల్సి వచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి కుమిలిపోవడం చూశాను.

ఇక మీ బాబు. పంపించేయకండి, బలవంతంగా కూర్చోబెట్టనూ వద్దు. గదిలోకి వెళ్ళేముందు ఏం కనబడుతుందో చెప్పండి: తాతయ్య కళ్ళు మూసుకునే ఉంటారు, చెయ్యి చల్లగా ఉంటుంది, గొంతులో చప్పుడు వస్తుంది, ఆయనకు నొప్పి లేకుండా మందు ఇచ్చాం. "నిద్రపోతున్నారు" అనకండి, రేపట్నుంచి వాడు నిద్రకు భయపడతాడు. "చనిపోతున్నారు" అనే చెప్పండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చని, వచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరని చెప్పండి. ఏదో ఒక పని ఇస్తే పిల్లలు నిలబడతారు. ఆ ఫ్యాను వాడి చేతికివ్వండి.